తలుపులో అవుపడిన అక్షరాలు

నా చిన్నప్పుడు, తెలుగు ఊళ్ళకి దూరంగా, ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో మా సందు మొత్తానికి కారున్న ఇల్లు మాదొక్కటే. ఉందన్న మాటే గాని అందులో ఎవరం ఎక్కి తిరిగింది లేదు. పక్క క్వార్టర్లో ఉండే ఆంగ్లో ఇండియన్ ఇంజను డ్రైవరు కుటుంబంతో ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ, స్నేహం కొద్దీ దాన్ని మా తాతయ్యకి వదిలేసి వెళ్ళాడు. ముదురాకుపచ్చ రంగు చిన్న కారు. ఏళ్ళ తరబడి ఎండలో నిలబడి రంగు చచ్చిపోయింది. చెయ్యి ఆనిస్తే అరచేతికి సుద్దపొడిలాంటిది అంటుకునేది.

మా తాతయ్య వర్క్‌షాపులో రైలు పెట్టెలకి రంగులేసే చోట చేసి రిటైరయినవాడు. ఆయన వేలితో తడిమి, ఏ పెట్టెకి ఎన్ని కోటింగులు పడ్డాయో చెప్పేవాడని మా నాన్న గొప్పగా అనేవాడు. నాన్నది కూడా అదే వర్క్‌షాపు, ఫిట్టరు పని. ఇంట్లో వీళ్ళిద్దరూ కాక అమ్మ, నేను, చంటి తమ్ముడు, మా మేనత్త. అమ్మకి తమ్ముడితోనే రోజు గడిచిపోయేది. నాకు జడలు వెయ్యడం, ఎక్కాలు చెప్పించడం, జ్వరమొస్తే పక్కన కూర్చోవడం అన్నీ అత్తే. అప్పటికి నాకు ఎనిమిదేళ్ళు.

అత్త బి.ఏ. పాసయింది. ఆ ఏడు ఎండాకాలంలో, ఊరి బయట సాలువాలో పోలీసు క్యాంపు దగ్గరున్న ఒక చిన్న బళ్ళో టీచరు పని ఉందని తెలిసి, ఒక్కతే వెళ్ళి పెద్ద దీదీని, అంటే అక్కడి హెడ్మిస్ట్రెస్‌ని, కలిసి మాట్లాడి వచ్చింది. దసరాకిచ్చే పూజా సెలవులయ్యాక వచ్చి చేరమన్నారు. ఆ సాయంత్రం అత్త ముఖం నాకింకా గుర్తే. అన్నం తింటూ తింటూ తనలో తను నవ్వుకుంటోంది. క్యాంపు దాకా అప్పట్లో సరైన బస్సు లేదు. సైకిల్ మీద వెళ్ళొస్తానంది. తాతయ్య కసిరే మనిషి కాదు. కూతుర్ని ఎన్నడూ కాదన్నవాడు కాదని సందంతా ఆయనకి పేరు.

"ఆ దారంట సైకిలొద్దమ్మా," అన్నాడు. "మనకి కారుంది కదా, నేర్సుకో. అప్పుడెల్దువు గాని."

నాన్నకి డ్రైవింగు వచ్చు. ఆదివారాలు రైల్వే గ్రౌండులో నేర్పుతానని, వారం రోజులు కిందామీదా పడి ఇంజను బాగుచేశాడు. అంతా సిద్ధమయ్యాక తాతయ్య ఒక్క షరతు పెట్టాడు. ముప్పయ్యేళ్ళు రంగులేసినవాడి కూతురు ఇలాంటి బూజుపట్టిన బండిలో తిరిగితే వర్క్‌షాపులో తనకి తలవంపులన్నాడు. దానికి మెరుపు అత్తే తేవాలి. కారు తలుపు ముందు పేపరు పట్టుకుంటే అద్దంలోలా అక్షరాలు చదవడానికి రావాలి. అలా వచ్చిన రోజునుంచి స్టీరింగు అత్తది. ఆయన కళ్ళకి పొరలొచ్చాయి. అత్త తన పని తను చూసుకుని బాగుందనుకోకూడదు. అందుకని చూసి చెప్పే పని నాకు అప్పజెప్పాడు.

పని ఎలా చెయ్యాలో మాత్రం ఆయన చక్కగా నేర్పాడు, అది ఒప్పుకోవాలి. ముందు సబ్బునీళ్ళతో కడిగి ఇసుక రేణువన్నది లేకుండా చెయ్యాలి. తర్వాత రబ్బింగ్ కాంపౌండని డబ్బాలో గోధుమరంగు ముద్ద ఉండేది, వేళ్ళ మధ్య నలిపితే పిండికన్నా కాస్త గరుగ్గా తగిలేది. దాన్ని తడిగుడ్డకి పట్టించి, జానెడు మేర చొప్పున, ఒకే వరసలో రుద్దాలి. చచ్చిన రంగు గుడ్డలోకి వచ్చేస్తుంది. కింద బతికున్న రంగు పైకి తేలుతుంది. ఆ పైన మైనం పట్టించి, పాత బనీను గుడ్డతో తుడవాలి. ఇప్పుడు మేముండే తాల్‌బగీచాలో మా మనవడు ఆదివారమొస్తే ఇంటిముందు తన కారుకి ఇదే పని మిషనుతో చేస్తాడు. రంగు ఎంత మందం మిగిలిందో అంకెల్లో చూపించే చిన్న పరికరం కూడా కొన్నాడు. మా రోజుల్లో ఆ లెక్క తాతయ్య వేలికొసలో ఉండేది. ఆయనకి తెలుసు, ఎంతదాకా రుద్దితే ఆ రంగు నిలుస్తుందో, ఎప్పుడు లేచిపోతుందో.

అత్త మధ్యాహ్నం ఇంటిపనయ్యాక కొంగు బిగించి దిగేది. బకెట్లో గుడ్డలు జాడించి ఇవ్వడం నా పని. మా ఇద్దరి గోళ్ళ సందుల్లో ఆకుపచ్చ దిగిపోయి, పప్పు కలుపుకుంటుంటే అమ్మ నవ్వేది. వానలు మొదలయ్యాక తార్పాలిన్ కట్టుకుని దాని కింద చేసింది. ఆదివారం పొద్దున్న, మెయిలు రైల్లో ఒకరోజు ఆలస్యంగా వచ్చే తెలుగు పేపరు తాతయ్య తలుపు ముందు పట్టుకునేవాడు, నేను వంగి చూసేదాన్ని. మొదట్లో తెల్లటి మరక తప్ప ఏమీ లేదు. తర్వాత్తర్వాత పేపరు అంచులు తెలిశాయి. ఆ తర్వాత బొమ్మల ఆకారం. ఉన్నదున్నట్టు చెప్పేదాన్ని. అత్త తలూపి మళ్ళీ గుడ్డ తీసుకునేది.

పూజకి ఇంకా పది పన్నెండు రోజులున్నాయనగా, ఒక శనివారం నేను బడినుంచి వచ్చేసరికి అత్త ఇంట్లో లేదు. కారు ఒంటరిగా ఉంది. తలుపులో నా ముఖం కనబడింది, కనుబొమ్మలతో సహా. సంబరంగా తాతయ్య దగ్గరికి పరిగెత్తాను. ఆయన చుట్ట పక్కన పెట్టి నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు.

"రేపు అవుపడ్డం నేదని సెప్పు," అన్నాడు.

"అవుపడతంది కదా తాతా?"

"అవుపడితే మీ అత్త సాలువా ఎల్లిపోద్ది. పొద్దున్న పోతే సీకటడినాకే రాడం. నీకు జడలెవరేస్తారు? పాఠాలెవరు సెప్తారు? ఆలోసించుకో."

అంతే. మిఠాయి ఇస్తాననలేదు, బెదిరించలేదు. నాకు బాగా నొప్పిపుట్టే చోటేదో ఆయనకి తెలుసు. నేను ఆ రాత్రి అత్త పక్కనే పడుకుని, ఆమె చెయ్యి నామీద వేసుకుని నిద్రపోయాను.

మర్నాడు తాతయ్య పేపరు పట్టుకున్నాడు. వంగి చూశాను. పెద్ద అక్షరాలు తిరగబడి, నల్లగా, స్పష్టంగా ఉన్నాయి. ఒకటొకటిగా చదవగలిగేలా ఉన్నాయి. అత్త నా వెనక నిలబడి ఉంది. ఆమె ఊపిరి నా మెడకి తగులుతోంది.

"అవుపడ్డం నేదు," అన్నాను.

అత్త నా తలవైపే చూస్తోందని నాకు తెలిసింది, నేను తలెత్తలేదు. నాన్న ఏదో అనబోతే తాతయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇంకొక్కసారి రుద్దమ్మా. ఇదిగో, ఈ మడతకాడ మసగ్గా ఉంది," అని తలుపు పొడవునా ఉండే మడత అంచు వేలితో తడిమి చూపించాడు. అంచుల మీద రంగు పల్చగా ఉంటుందని, అక్కడ చెయ్యి తేలిగ్గా పోనివ్వాలని మొదటిరోజు చెప్పినవాడు ఆయనే.

అత్త కూర్చుని రుద్దింది. ఎప్పుడూ లేనంత గట్టిగా రుద్దింది. తాతయ్య పక్కనే నిలబడి ఇంకా, ఇంకా అన్నాడు. నేను బకెట్లో జాడిద్దామని గుడ్డ అందుకున్నాను. అందులో ఆకుపచ్చతో పాటు ఎరుపుంది. చూస్తే అంచు మీద బెత్తెడు మేర రంగు పూర్తిగా పోయి, కింద వేసిన ఎర్ర ప్రైమరు బయటపడింది.

"సూసినావా," అన్నాడు తాతయ్య, ఎప్పటి మెత్తని గొంతుతోనే. "రంగునే కాసుకోనేని సెయ్యి, రోడ్డు మీద బండినేటి కాస్తాది? నీ మంచికే సెప్తన్నానమ్మా."

అత్త గుడ్డ పిండి బకెట్ అంచు మీద ఆరేసింది. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని లోపలికి వెళ్ళి కుక్కరు పెట్టింది. ఆ తర్వాత ఆ కారు మీద చెయ్యి వెయ్యలేదు. పూజా సెలవులయ్యాయి. సాలువా బళ్ళో ఇంకెవరో చేరారని విన్నాం. చలికాలంలో తాతయ్య ఆ అంచుని వేలితో తడుముకుంటూ తనే కుంచెతో రంగు వేసి, ఎక్కడ పోయిందో ఎవరికీ తెలియకుండా చేశాడు. అరగంట పని ఆయనకి. కొన్నాళ్ళకి బండి ఎవరో కొనుక్కుపోయారు.

నాకు మాత్రం జడలు రోజూ మామూలుగానే పడ్డాయి. ఆ ఆదివారం జరిగిన నాలుగైదు రోజులకి, తల దువ్వుతూ అత్త అడిగింది.

"ఆవేళ అక్షరాలు అవుపడినాయి కదా?"

నేను చేతిలో ఉన్న రిబ్బను వేలికి చుట్టుకున్నాను.

"నాకూ అవుపడినాయి," అంది. "నువ్వు సెప్తావేమోనని సూసినాను."

ఒక్క కసురు లేదు, కంటతడి లేదు. రిబ్బను ముడేసి, బడికి టైమయిందని లేపింది. నేను ఎదురుచూసిన దెబ్బ ఆరోజు పడలేదు, ఆ తర్వాతా పడలేదు.

అత్త వరండాలో పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటూ ఉండిపోయింది. పెళ్ళిమాట వస్తే చూద్దాంలే అనేది, అలా అలా ఆ మాట రావడమే మానేసింది. తాతయ్య మంచాన పడ్డ ఆఖరి రెండేళ్ళు ఎత్తి కూర్చోబెట్టింది, ముద్దలు పెట్టింది అత్తే. ఆయన అందరితోనూ, కూతురంటే ఇలా ఉండాలి అనేవాడు. తను చేసింది తప్పని ఆయనకి ఎప్పుడైనా తోచిందో లేదో నాకు తెలియదు. నేను అడగలేదు. అత్తకి క్షమించమని కూడా చెప్పలేదు. ఈ ఏడు అనాలి, పై ఏడు అనాలి అనుకుంటూ ఉండగానే ఆమె పోయింది.

నన్ను అందరూ ముక్కుసూటి మనిషి అంటారు. పిల్లల సంబంధాల్లో, ఆఫీసులో, ఇరుగుపొరుగు తగాదాల్లో, ఏది చూస్తే అదే చెప్పానని నాకు పేరు. విన్నప్పుడల్లా సిగ్గేస్తుంది. అలా చెప్పడం వల్ల నేను పోగొట్టుకున్నది ఏమీ లేదు. ప్రేమించిన మనిషి దూరమవుతుందని తెలిసి కూడా నిజం చెప్పాల్సిన రోజు నాకు ఒక్కటే వచ్చింది. ఎనిమిదేళ్ళపిల్లకి ఏం తెలుస్తుందిలే అని మా ఆయన ఓదార్చేవాడు. నాకు తెలుసు. ఆ మాట అన్నప్పుడు, అత్త ఇక మా ఇంట్లోనే ఉండిపోతుందని నాకు సంతోషం వేసింది. ఇన్నేళ్ళుగా నేను మోస్తున్నది ఆ సంతోషాన్నే.