పెద్ద కారు, తెగిన పదకొండు లైన్లు

1994 వేసవిలో నేను తెనాలిలో ఒక దినపత్రికకు స్టాఫ్ రిపోర్టరుగా పనిచేస్తున్నాను. ఒక ఆదివారం మా అనుబంధంలో నా వ్యాసం పదకొండు లైన్లు తక్కువగా అచ్చయింది. రేపల్లెకు వచ్చిన ఒక భారీ విదేశీ కారు గురించి రాసిన వ్యాసం అది. కారు రూపం ఎలా ఉంది, అందులో ప్రయాణం ఎలా ఉంది, ముందు ముందు ఎలా మారిస్తే బాగుంటుంది, ఈ మూడూ అచ్చులో ఉన్నాయి. కారు కుదుపులకు తెనాలి మెకానిక్ యేసురత్నం బాధ్యుడు కాదన్న సంగతి మాత్రం లేదు. అది ఆ పదకొండు లైన్లలో ఉంది.

పొద్దున ఏడింటికి యేసురత్నం పత్రికను నాలుగు మడతలు పెట్టి పట్టుకుని మా ఆఫీసు మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

"ఏంటండి ఇది? నేను వద్దన్నప్పుడు మీరు పక్కనే ఉన్నారు కదండీ" అన్నాడు.

ఉన్నాను.

తెనాలి, వేమూరు, రేపల్లె, బాపట్ల నా పరిధి. స్టాఫ్ రిపోర్టరు కింద మండలానికొక కంట్రిబ్యూటరు ఉండేవాడు. అతను వేరే వృత్తి చేసుకుంటూ వార్తలు పంపుతాడు. రేపల్లె పక్కనున్న నగరం మండలం కంట్రిబ్యూటరు పంపిన కవర్లో, ఎరువుల కొరత వార్త కింద, రొయ్యల చెరువుల ఆసామి సాంబశివరావు గారు విదేశీ కారు కొన్నారని రెండు లైన్లు ఉన్నాయి. ఎరువుల వార్త ఎవరూ పట్టించుకోలేదు. కారు కబురు అనుబంధం చూసే మూర్తి గారి కంటపడింది. ఆయన ఫోన్ చేసి మూడు ఉపశీర్షికలు చెప్పారు: రూపం, నడక, రేపటి కారు. మూడోది ఎందుకండీ, ఆ కంపెనీ వాళ్ళు రేపల్లె సలహా కోసం కాచుకుని కూర్చున్నారా అని అడిగాను. ఇంగ్లీషు పత్రికల వాళ్ళు వేస్తున్నారు, మనమూ వేయాలన్నారు. నాకు అప్పటికి సొంతానికి ఒక మోపెడ్ ఉండేది.

రేపటి కారు సంగతి చెప్పేందుకు బాపట్లలో మెకానికల్ ఇంజనీరింగ్ పాఠాలు చెప్పే శర్మ గారిని బతిమాలాను. ఆయన బస్సులో, నేను పాసింజరు రైల్లో రేపల్లె చేరాం.

కంపెనీ పేరు రాయను. ఆ కంపెనీ చేసే కార్లన్నిటిలోకీ పెద్దదీ ఖరీదైనదీ అది. మద్రాసు వ్యాపారి ఒకాయన దగ్గర నుంచి సాంబశివరావు గారికి వచ్చింది. ముందు భాగం నిలువు కమ్మీలతో బంగళా గేటులా ఉంది. బానెట్టు ఎంత పొడవంటే డ్రైవరుకు కారు కొస కనపడదు, అంచనా మీద నడపాలి. లోపల చెక్క పలక మీద గడియారం, ఆ గడియారం చుట్టూ వెండి రేకు. సీట్లు మంచి తోలువని విన్నాను. చూడలేదు. సాంబశివరావు గారి తల్లి ఆవు తోలు మీద కూర్చోనని పట్టుబట్టడంతో సీట్లన్నిటికీ చీరాల దుప్పట్లు కప్పి అంచులు కుట్టించారు. రూపం గురించి రాయాల్సిన మనిషికి సగం రూపం దుప్పట్ల కింద ఉండిపోయింది. ఒక్క మూల ఎత్తి చూస్తానని అడిగితే, "అమ్మ కుట్టించిందండి, కదిలించకండి" అన్నారాయన.

నడక మాత్రం నిజంగా గొప్పది. సాంబశివరావు గారితో ముగ్గురం తెనాలి బయలుదేరాం, కొత్తగా తారు వేసిన ముక్క మీద నేను ఒళ్ళో పుస్తకం పెట్టుకుని రాసుకున్నాను. మామూలుగా జీపులోనో బస్సులోనో నేను రాసుకున్నది ఇంటికెళ్ళాక నాకే అర్థమయ్యేది కాదు. ఆ కారులో రాసిన రెండు పేజీలు ఆఫీసు బల్ల మీద కూర్చుని రాసినట్టే ఉన్నాయి. అంతకంటే మంచి కొలత నాకు తెలియదు. హారను మాత్రం మరీ మర్యాదస్తురాలు. భట్టిప్రోలు దగ్గర రోడ్డుకడ్డంగా పడుకున్న గేదె అది విని చెవి కూడా ఆడించలేదు.

వేమూరు దాటాక కాలవ మీద ఒక వంతెన ఉంది, నడుమ మూపురంలా లేచి ఉంటుంది. లారీలు, బస్సులు దాన్ని పట్టించుకోవు. ఈ కారు ముందు చక్రాలు అవతలకు దిగాయి, వెనక చక్రాలు ఇవతల ఉన్నాయి, పొట్ట వంతెనకు ఆనింది. అక్కడే ఆగిపోయింది. అటు బస్సు, ఇటు బస్సు. బస్సుల్లోంచి దిగిన వాళ్ళూ, ధాన్యం లారీ మీది హమాలీలూ చుట్టూ చేరారు.

"కాలవకి నీళ్ళొదిలాక రావాల్సింది బాబాయ్, పడవలాగా తోసేసేవాళ్ళం" అన్నాడు ఒక హమాలీ.

"ఊరుకోరా, అదిప్పుడు గుడ్లు పెడతంది, లేపమాక" అంది బుట్ట నెత్తిన పెట్టుకున్న ఒకామె.

పదిమంది వెనక నుంచి ఎత్తిపట్టి తోస్తే, వంతెన రాయి మీద పొడుగాటి గీత పెట్టి కారు దిగింది. సాంబశివరావు గారు తెనాలి చేరగానే కారును నేరుగా యేసురత్నం వర్క్‌షాపుకు పోనిమ్మన్నారు.

యేసురత్నం అప్పటికి పాతికేళ్ళుగా స్ప్రింగుల పని చేస్తున్నాడు. టాక్సీ స్టాండులోని కార్లూ, మిషను ఆసుపత్రి జీపులూ ఆయన చేతి మీదుగానే నడిచేవి. లూథరన్ చర్చిలో పెద్ద. కారు కింద గోనెపట్టా పరుచుకుని పావుగంట పడుకుని చూసి లేచాడు.

బెత్తెడు ఎత్తు లేపమన్నారు సాంబశివరావు గారు.

"లేపడం ఒక పూట పనండి. లేపాక ఈ కారు ఈ కారు కాదు" అన్నాడు యేసురత్నం. ఆయన చెప్పిన కారణం నాకు అర్థమైనంతలో ఇది. స్ప్రింగు కింద దిమ్మ పెడితే బండి లేస్తుంది గానీ, పక్కనుండి కుదుపు ఆపే షాకబ్జారు ముందుగానే పూర్తిగా చాచుకుపోయి ఉంటుంది. చక్రం గుంటలోకి దిగినప్పుడు అది ఇంకా చాచుకోవడానికి చోటుండదు. దిగిన ప్రతిసారీ ఇనుము ఇనుమును కొడుతుంది. శర్మ గారు కూడా అవునని తలూపారు.

"అంబాసిడర్లకి లేపలేదా నువ్వు?"

"అవి పట్టీ స్ప్రింగులండి, ఇవి చుట్ట స్ప్రింగులు. వద్దండి."

"కారు నీదా నాదా?"

"మీదేనండి."

"మరి లేపు."

వద్దన్న మాట ఆయన మూడుసార్లు అన్నాడు. లెక్కపెట్టడం వృత్తి అలవాటు. చివరికి పని ఒప్పుకుని, స్ప్రింగుల కింద కంపెనీ పెట్టిన నాలుగు రబ్బరు గిన్నెలు తీసి, ఒక బిస్కెట్ల డబ్బాలో దాచాడు. మనసు మారితే మళ్ళీ వేస్తానన్నాడు. వాటి చోట లారీ సామాను నుంచి కోసిన ఇనప దిమ్మలు పెట్టాడు.

రెండు రోజుల తరవాత అదే కారులో తెనాలి నుంచి పొన్నూరు మీదుగా బాపట్ల వెళ్ళాం. వంతెనలేవీ అడ్డం రాలేదు. ప్రతి గుంటకూ కింద నుంచి సుత్తితో కొట్టినట్టు మోత. నా పుస్తకంలో ఆ రోజు పేజీ ఇప్పటికీ ఉంది, అందులో ఒక్క మాటా చదవడానికి రాదు. వెనక సీట్లో శర్మ గారి తల రెండుసార్లు పైకప్పుకు తగిలింది. సాంబశివరావు గారు ముందు సీట్లో కూర్చుని, ఎత్తు బాగుందనీ, ఇప్పుడు రోడ్డంతా కనపడుతోందనీ అన్నారు. రేపటి కారుకు ఆయన సలహాలు కూడా అడిగి రాసుకున్నాను: వెనక సీటు మఠం వేసుకుని కూర్చునేంత వెడల్పు ఉండాలి, హారను లారీది పెట్టాలి, మరచెంబు కదలకుండా నిలబడే చోటుండాలి. శర్మ గారి సలహా ఒకటే. స్ప్రింగుల బదులు గాలి తిత్తులు వస్తాయి, మీట నొక్కితే వంతెన దగ్గర కారు లేస్తుంది, దాటాక దిగుతుంది. "అప్పుడు యజమానికీ మెకానిక్కుకీ గొడవుండదు" అన్నారు.

వ్యాసం రాశాను. ఇక్కడ వృత్తి సంగతి ఒకటి చెప్పాలి. వార్త తలకిందుల పిరమిడ్‌లా ఉండాలంటారు. ముఖ్యమైనది పైన, అంతకంటే తక్కువది దాని కింద, ఏ ముఖ్యమూ లేనిది అడుగున. చోటు చాలనప్పుడు సబ్ఎడిటరు ఏమీ చదవకుండా అడుగు నుంచి కోసుకుంటూ పోవచ్చు. ఈ సూత్రం నేను నలుగురైదుగురు కంట్రిబ్యూటర్లకు చెప్పి చెప్పి నేర్పాను. కానీ అనుబంధం వ్యాసం కదా, కోత ఉండదనుకున్నాను. ముగింపు గట్టిగా ఉండాలని, యేసురత్నం మూడుసార్లు వద్దన్న సంగతీ, యజమాని ఒత్తిడి మీదే పని జరిగిన సంగతీ, డబ్బా సంగతీ చివరి పేరాకు దాచుకున్నాను. మధ్యలో మాత్రం "తెనాలిలో యేసురత్నం వర్క్‌షాపులో ఎత్తు పెంచాక నడక పాడైంది" అని ఒక వాక్యం ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం పేజీ కట్టే వేళకు టెండరు ప్రకటన ఒకటి వచ్చింది. అనుబంధం డెస్కులో సబ్ఎడిటరు సూత్రం ప్రకారం అడుగు పేరా కోశాడు. శీర్షిక అతనే పెట్టాడు: "మెకానిక్ చేతిలో మహారాజు." వర్క్‌షాపు బోర్డు ఫొటో కూడా వేశాడు, దాన్ని పంపింది నేనే. అతన్ని తిట్టడానికి కూడా నాకు వీల్లేదు. నేను అందరికీ చెప్పిన పాఠం ప్రకారమే చేశాడు.

ఆ వారం టాక్సీ స్టాండు కుర్రాళ్ళకు పండగ. "రత్నం బాబాయ్, బ్రేకు చూడు చాలు, బండి మాత్రం లేపమాక" అని ప్రతివాడూ అన్నాడు. అది నవ్వులాటే, వాళ్ళు మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చారు. మిషను ఆసుపత్రి మేనేజరు నవ్వలేదు. రోగులు ఎక్కే జీపులు, పేపర్లో అలా వచ్చాక ఎలా ఇవ్వమంటారు అని పని ఇంకొకరికి ఇచ్చాడు. వర్క్‌షాపులో ఎక్కువ పని ఆ జీపులదే.

సవరణ వేయమని మూర్తి గారికి ఫోన్ చేశాను. సవరణకు పద్ధతి ఉంది. నష్టపోయిన మనిషి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, రిపోర్టరు వివరణ జతచేయాలి, ఇన్‌ఛార్జి చూసి పైకి పంపాలి. యేసురత్నాన్ని రాయమంటే ఆయనకు కోపం వచ్చింది. "రాసింది మీరు, పోగొట్టింది మీరు, ఫిర్యాదు నేనా అండి?" అన్నాడు. చివరికి చర్చి గుమాస్తా చేత రాయించి సంతకం పెట్టాడు. మూర్తి గారు యజమాని ధ్రువీకరణ కూడా కావాలన్నారు, లేకపోతే రేపు ఆయన కేసు వేస్తాడని.

రేపల్లె వెళ్ళాను. సాంబశివరావు గారు వ్యాసానికి అద్దం కట్టించి హాల్లో తగిలించారు. కాఫీ ఇప్పించారు. కారు బొమ్మ చాలా బాగా వచ్చిందన్నారు. కాగితం చూపిస్తే, "అయిందేదో అయిపోయింది, నాచేత నేనే పాడుచేసుకున్నానని రాయిస్తారేంటండి?" అన్నారు. మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ కాఫీ ఇచ్చారు.

మిగిలిన సాక్షి శర్మ గారు. అడగ్గానే సంపాదకుడికి ఉత్తరం రాశారు. ఉత్తరం పంపాక నాకు నకలు చూపించారు. ఆయన లెక్చరరు. స్ప్రింగుల సిద్ధాంతంతో మొదలుపెట్టి, షాకబ్జారు చాచుకోవడం వివరించి, గాలి తిత్తుల కారు వర్ణించి, చిట్టచివర "కనుక తప్పు మెకానిక్‌ది కాదు, ఆయన వారించగా నేను విన్నాను" అని ముగించారు. పాఠకుల లేఖలకు ఒక్కోదానికి ఇంత అని చోటు ఉంటుంది. తరవాతి ఆదివారం గాలి తిత్తుల దాకా అచ్చయింది.

నేర్చుకున్నది ఇంతే. ఒక మనిషి మేలు దేనిమీద ఆధారపడి ఉందో ఆ వాక్యం మొదటి పేరాలో పెట్టాలి. ముగింపు అందం కోసం దాన్ని దాచుకోకూడదు. ఆ తరవాత పదకొండేళ్ళ ఉద్యోగంలో నేను చివరి పేరాలో ఏ ముఖ్యమైన సంగతీ రాయలేదు. నా వ్యాసాలు చప్పగా ముగుస్తాయని మూర్తి గారు అనేవారు.

రొయ్యలకు తెగులు వచ్చిన ఏడాది సాంబశివరావు గారు కారు అమ్మేశారు. కొన్న వాళ్ళెవరో ఆయన చెప్పలేదు. యేసురత్నం ఫిర్యాదు, నా వివరణ అనుబంధం డెస్కు ఫైల్లోకి వెళ్ళాయి, సవరణ అచ్చు కాలేదు. జీపులు తిరిగి రాలేదు. నాలుగు రబ్బరు గిన్నెలు బిస్కెట్ల డబ్బాలో, డబ్బా వర్క్‌షాపు అలమరలో, నేను రిటైరైన నెలలో చూసినప్పుడు అలాగే ఉన్నాయి. కారు ఎక్కడ ఉందో, ఇంకా ఆ ఎత్తు మీదే తిరుగుతోందో లేదో, యేసురత్నానికీ తెలియదు, నాకూ తెలియదు.