వెనకనుంచి తడిమిన బొమ్మ

గెర్బోట్ ఇరవై రెండేళ్లుగా మఠం టంకసాలలో అచ్చులు చెక్కుతున్నాడు. ఏటా కోతల సంతకు కొత్త బొమ్మ కావాలి. ఒక ఏడు మఠాధికారిణి కూర్చుని ఉంటుంది, మరో ఏడు గోపురాల నడుమ నిలబడుతుంది. బొమ్మ మారగానే పాత నాణేలు చెల్లవు. పన్నెండు తెచ్చినవాడి చేతిలో తొమ్మిది కొత్తవి పెడతారు. తక్కిన మూడూ ఏవని అడిగిన మగవాడు ఆ ఊళ్లో పుట్టలేదు.

ఈ వసంతంలో అతని చూపు బొత్తిగా మసకబారింది. తెలిస్తే పని పోతుంది, టంకసాల ఇచ్చిన ఇల్లూ పోతుంది.

"కళ్లు లేకుండా ఎట్టా చెక్కుతావయ్యా?" అంది భార్య ఐలికా.

"వేళ్లున్నాయి కదే."

ఆ వెండి నాణెం ఆకులా పలచన. ముందు ఉబ్బిన బొమ్మ వెనక గుంటగా ఉంటుంది. ఇనుప అచ్చు మీద తొలవాల్సిందీ సరిగ్గా ఆ గుంటే. తొమ్మిదేళ్ల కిందట తాను చెక్కిన నాణెమొకటి దాచుకున్నాడు. దానిమీద చేతిలో లిల్లీ పువ్వు పట్టుకుని కూర్చున్న మఠం అమ్మగారు. దాని వెనకవైపు తడుముతూ ఈ ఏటి అచ్చు మీద అదే బొమ్మ చెక్కాడు.

"నువ్వు దాచినట్టే ఇంకొకరూ దాచుంటారేమో," అంది ఐలికా.

"దాచుకోడానికి వాళ్ల దగ్గరేం మిగిలిందే, పిచ్చిదానా!"

సంత మూడోనాడు సారాయి కాచే ముసలమ్మ ఒక కుండ తెచ్చి, నాణేలు మార్చే బల్లమీద బోర్లించింది. అన్నీ లిల్లీ పువ్వు నాణేలే. ఏళ్లుగా పాతిపెట్టిన మట్టి వాసన. "ఇవి కొత్తవే బాబూ, మార్చక్కర్లేదు," అంది. ఆమె వెనక ఇంకా పదిమంది కుండలతో నిలబడ్డారు. అందరి ముఖాల్లోనూ నవ్వే.

టంకసాల పెద్ద హాడెమార్ గెర్బోట్‌ను పిలిపించి, అరచేతిలో రెండు నాణేలు పెట్టాడు.

"ఇందులో ఈ ఏటిది ఏది, మామా?"

గెర్బోట్ రెండింటినీ తడిమాడు. పువ్వు అదే, బట్ట మడతలు అవే.

"రెండూ నావేనయ్యా."

"నావేనని మురుస్తున్నావా? ఏది చెల్లుతుందో చెక్కినవాడికే తెలియకపోతే నేనెవరి నాణేన్ని కాదనగలను?" హాడెమార్ అతని ముఖం ముందు చెయ్యి ఊపాడు. గెర్బోట్ రెప్ప వాల్చలేదు. హాడెమార్ గొంతు తగ్గింది. "ఎన్నాళ్లయింది?"

"వసంతం నుంచి."

కొత్త అచ్చును సమ్మెటతో పగలగొట్టారు. కొట్టిన నాణేలన్నీ కరిగించమన్నారు. కరిగేదాకా కొలిమితిత్తి ఊదడానికి గెర్బోట్‌ను ఉండనిచ్చారు. దానికి చూపు అక్కర్లేదు. అటు అతను తిత్తి తొక్కుతుంటే, ఇటు ఐలికా సామాను వీధిలోకి చేరవేస్తోంది.