వానదేవత చీర వెంట ధర్మవరం దాకా

మా పాప చిన్మయికి తొమ్మిదేళ్లు. పురాణాల మీద పిల్లల కోసం రాసిన ఒక బొమ్మల పుస్తకాన్ని అట్ట ఊడేదాకా చదివింది. ఇప్పుడది సినిమాగా వచ్చింది. అందులో వానదేవత కట్టిన మబ్బురంగు పట్టుచీర, ధర్మవరంలో మాకు ఏళ్లుగా చీరలిచ్చే ఓబులేసన్న నేసింది. చూపు మసకబారి మగ్గం దిగే ముందు ఆయన నేసిన ఆఖరి చీర అదే. ఆయన భార్య రంగమ్మక్క ఫోన్ చేసింది. "సినిమా మా ఊర్లోనే ఆడతాండాది. పాపను పిల్చకరామ్మా. ఆయనకు సరిగ్గా కనబడదు, పక్కన కూర్చోని కథ చెబుతాది." సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక పాప మెల్లగా అంది, "అమ్మా, పుస్తకంలో ఆ చీరను రాక్షసుడు కాల్చేస్తాడు కదా."

ఆ బరువుతోనే ఆదివారం పొద్దున ఏడింటికి హిందూపురంలో పెనుకొండ బస్సెక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్టు. రైలైతే నేరుగా ధర్మవరంలోనే దిగొచ్చు. కానీ సినిమా తీసిన పెనుకొండ గగన్ మహల్ చూడాలని పాప పట్టు. ప్రయాణం ఎంత పొడుగైతే అంత మంచిదని నాకూ ఉంది, దాచడమెందుకు!

ఎనిమిదిన్నరకల్లా పెనుకొండలో దిగి, బస్టాండు దగ్గర చిన్న హోటల్లో ఉగ్గాని బజ్జీ తిన్నాం. ప్లేటు నలభై రూపాయలు, ఇద్దరికి ఒకటిన్నర చాలు. వండే అవ్వను షూటింగ్ గురించి కదిపితే ఆమె గరిటె పక్కన పెట్టేసింది. "టిఫిన్లన్నీ మా హోటల్నుంచే పోయినాయి తల్లీ. నేనూ చూసినా. దేవత చీరకు నిప్పు పెట్టినారు. ప్లాస్టిక్ కవర్లు కాల్చినట్ల ఒకటే కంపు! మూతికి కొంగు అడ్డం పెట్టుకుంటి." మంటలన్నీ కంప్యూటర్లో చేసి ఉంటారులే అని అప్పటిదాకా నాకొక ఆశ. అదీ పోయింది. ఎండ ముదరకముందే గగన్ మహల్ చూసి, పదిన్నరకు ధర్మవరం బస్సు పట్టుకున్నాం. గంటంబావు పట్టింది.

ఓబులేసన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని గడపలోనే కూర్చుని ఉన్నారు. రంగమ్మక్క రాగి సంగటి, శెనక్కాయల చట్నీ పెట్టింది. తింటున్నంతసేపూ నిజం చెబుదామనుకోవడం, ఆయన ముఖం చూసి నీళ్లు నమలడం. "నెల దినాలు నేసినా పాపా. అంచులో వాన చినుకులు ఉండాయి, చూస్తువుగానీ," అని ఆయన సంబరపడుతుంటే ఎవరికి నోరొస్తుంది?

మ్యాట్నీకి మనిషికి నూరు రూపాయలు. ముందు వరుసైతే ఆయన కంటికి కాస్త ఆనుతుందని అక్కడే కూర్చున్నాం. వానదేవత మెట్లు దిగుతుంటే ఆయన ముందుకు వంగారు. "అదే. అంచు తెలుస్తాండాది." రంగమ్మక్క చప్పట్లు కొట్టింది. ఇంటర్వెల్ తర్వాత రాక్షసుడు రానే వచ్చాడు. చీర భగ్గుమంది. "పసుపు కుంకుమ పెట్టి మగ్గం మింద నుంచి కోసిన చీర కదప్పా!" అని రంగమ్మక్క ఏడ్చేసింది. పాప ఆయన చెయ్యి పట్టుకుని ఏదో చెబుతూనే ఉంది. ఆయన కళ్లు మూసుకుని కూర్చున్నారు. నాకు తల కొట్టేసినట్లయింది.

బయట టీ కొట్టు దగ్గర ఒప్పేసుకున్నాను. "నాకు ముందే తెలుసన్నా. చెప్పలేకపోయాను."

"నువ్వేం చేస్తావులేమ్మా. అమ్మినాక అది వాళ్ల చీర," అన్నారు గానీ, చేతిలో టీ అలాగే ఉంది.

అప్పుడు పాప అంది, "తాతా, పెనుకొండ హోటల్ అవ్వ ప్లాస్టిక్ కంపు కొట్టిందని చెప్పింది. పట్టుచీర కూడా అట్లే కంపు కొడుతుందా?"

ఓబులేసన్న గ్లాసు కింద పెట్టేశారు. "ఏం కంపు? ఇంగొకసారి చెప్పు." పాప చెప్పింది. ఆయన మమ్మల్ని ఇంటికి లాక్కుపోయినంత పని చేశారు. పెట్టెలోంచి ఆ చీర నేయగా మిగిలిన మబ్బురంగు పోగొకటి తీసి, అగ్గిపుల్ల గీయమని భార్యకిచ్చారు. పోగు ముడుచుకుని కాలింది. వెంట్రుకలు కాలిన వాసన. మిగిలిన నల్లటి పూస వేళ్లతో నలిపితే పొడైపోయింది. "పట్టు కాలితే ఇట్లుంటాది. ప్లాస్టిక్ కంపు యాడిది? వాళ్లు కాల్చింది నకిలీది. మన చీర కాల్చలేదే రంగీ!"

రంగమ్మక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆయన గోడకు ఆనుకుని నిమ్మళంగా కూర్చున్నారు. "పాపా, చీర కాలినాక కథేమయ్యెనో చెప్పు. అప్పుడు నేను వినలేదు."

"ఆ పొగే మబ్బయి వాన పడుతుంది తాతా," అని మొదలుపెట్టింది మా పాప.

సాయంత్రం రైల్లో తిరిగొస్తూ పాప సినిమాలో మారిన సంగతులన్నీ ఏకరువు పెట్టింది. నేను సగమే విన్నాను. మంచితనం అనుకుని నేను మాట దాచడం, అక్షరాలా పిరికితనం. హోటల్లో ఆ కంపు మాట నేనూ విన్నాను, పట్టించుకున్నది మాత్రం పాప. ధర్మవరంలో చీర కొనేవాళ్లకు ఒక్క మాట: కొంగు చివర కుచ్చులోంచి ఒక్క పోగు అడిగి తీసుకుని, కాల్చి వాసన చూడండి. పట్టు నేసినవాళ్లయితే అగ్గిపెట్టె కూడా వాళ్లే ఇస్తారు.