పిండి మీద చీమ అడుగులు

మా బాబాయి ఇప్పటికీ అదే మాట. "పిండి మీద ఏమీ లేదమ్మా, మీ పిన్నికి ముక్తొచ్చేసింది." ఉంది బాబాయ్, నా ఫోన్లో ఉంది. దెయ్యాలు, మరుజన్మలు నేనేనాడూ నమ్మలేదు. హైదరాబాద్‌లో పెరిగినదాన్ని, ఎవరైనా ఇలాంటివి చెబుతుంటే మధ్యలోనే నవ్వేదాన్ని. అయినా ఉంది.

కెమెరా ఫోన్లు అప్పుడప్పుడే వచ్చిన రోజులు. వేసవి సెలవులకి కొత్తపేటలో పిన్ని ఇంట్లో ఉన్నాను. పాడైన సీడీ ప్లేయర్ విప్పి, అందులోని బుల్లి లెన్సు పీకి ఫోన్ కెమెరాకి టేపుతో అంటించాను. బాగా దగ్గరగా పెట్టి ఊపిరి బిగబడితే, చీమ కాలి మీద నూగు కూడా కనిపించేది. వంటగట్టు మీద బెల్లం నీటి చుక్క వేసి, రోజంతా చలిచీమల్ని తీసేదాన్ని.

"ఎంతసేపూ చీమలకేనేంటే ఫొటోలు? నేను కనపడట్లేదా నీకు?" అనేది పిన్ని. పొద్దున్నే వాకిట్లో వరిపిండితోనే ముగ్గేసేది, అవి తింటాయని.

ఒకరోజు చీమలు నా ఫోన్లోకి దూరాయి. ఒళ్ళు మండి, చీమల మందు చాక్‌పీసు తెచ్చి గట్టంతా గీశాను. మధ్యాహ్నానికి కుప్పలుగా చచ్చిపడున్నాయి.

"నోరులేనివే. నిన్నేం చేసేయే అవి?" అంది పిన్ని, వాటిని చేటలోకి ఎత్తుతూ.

"అంత ప్రేమైతే వచ్చే జన్మలో చీమవై పుట్టు," అన్నాను.

నవ్వేసింది. "ఆయ్, అలాగేనండి అమ్మాయిగారూ. అప్పుడైనా నన్నో ఫొటో తీస్తారేమో."

మర్నాడు ముభావంగానే బస్సెక్కాను. నెల తిరక్కుండా గుండెపోటుతో పోయింది. నా ఫోన్లో చీమల ఫొటోలు రెండొందలు. పిన్నిది ఒక్కటి లేదు.

మా వాళ్ళు పదో రోజు రాత్రి, మనిషి పోయిన చోట పల్చగా పిండి పరిచి బుట్ట బోర్లిస్తారు. పొద్దున్న దాని మీద ఏ అడుగులుంటే ఆ జన్మ ఎత్తినట్టు. "చీమలు పట్టకుండా చూడమ్మా," అన్నాడు బాబాయి. చుట్టూ చాక్‌పీసు గీత గీసింది నేనే.

పొద్దున్న బుట్ట తీస్తే పిండి నున్నగా ఉంది. అందరూ దణ్ణం పెట్టుకున్నారు. నేను అలవాటుకొద్దీ లెన్సు పెట్టి, మధ్య నుంచి అంచు దాకా వరసగా ఫొటోలు తీశాను.

పెద్దవి చేసి చూస్తే, సూదితో గుచ్చినట్టు చుక్కలు. ఇటు మూడు, అటు మూడు. ఫొటో ఫొటోకీ ముందుకి నడుస్తున్నాయి. బయటి నుంచి వచ్చిన జాడ లేదు. మధ్యలో మొదలై అంచు దాటాయి, నా గీత వైపు.

మళ్ళీ పిండి చూశాను. కంటితో, లెన్సుతో. నున్నగానే ఉంది.

తడిగుడ్డ తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని గీతంతా తుడిచాను. "ఏమైందమ్మా నీకు? పిచ్చా?" అంటున్నాడు బాబాయి. అప్పటికే అది గీత తొక్కిందో లేదో నాకు తెలీదు. అదే నన్ను తినేస్తోంది.

ఆ అడుగులు ఎలా పడ్డాయో ఈరోజుకీ చెప్పలేను. చూసిన స్నేహితులు లెన్సు మీద దుమ్మన్నారు. సరే, దుమ్మే అనుకోండి. మీ పిన్ని వెళ్ళే దారిలో ఆ మందు గీత గీసింది మీరే అయితే, తుడవకుండా నిలబడగలరా?