బొమ్మ వీపు చూసే మనిషి

"తలుపు దగ్గరే ఆగిపోయావేం తల్లీ? దొంగని చూసినట్టు ఆ చూపేంటి? లోపలికి రా."

గాజు తాత పిలిచినా ఆ అమ్మాయి కదల్లేదు. చంకలో దుప్పటి చుట్టిన పటం, కళ్ళు మాత్రం ఆయన చేతుల మీద. నానమ్మ వాళ్ళమ్మ బొమ్మ అది. మూడు తరాలుగా వాళ్ళ హాల్లోనే ఉంది. నిన్న పొద్దున దుమ్ము తుడుస్తూ నానమ్మ, "ఇది మా అమ్మ కాదు. అసలుది చూసి ఎవరో దింపిన నకలు" అంది. పోయిన నెల అద్దం పగిలి ఆ పటం రెండు రోజులు ఈ కొట్టులో ఉంది. ఇంకేముంది, బాబాయి వచ్చి నడివీధిలో నిలబడి "దొంగ ముసలాడా" అని అరిచాడు. సాయంత్రానికల్లా ఇద్దరు తమ పటాలు వెనక్కి పట్టుకుపోయారు.

గాజు తాత నలభై ఏళ్ళుగా పటాలు కడుతున్నాడు. వేళ్ళన్నీ గాట్లే. ఏ పటంలో ఎవరున్నారో ఆయనకు గుర్తుండదు. వీపు చూపిస్తే మాత్రం మేకులు ఏ చెయ్యి కొట్టిందో చెప్పేస్తాడు.

"నువ్వే మార్చావంటున్నారు తాతా."

"అననీ. నేను చెక్కకి మేకులేస్తాను గానీ నోళ్ళకి వెయ్యలేను కదా."

ఆయన పటం అందుకుని, బల్ల మీద బోర్లించి వెనక చెక్క విప్పుతుంటే, ఏదైనా మాయం చేస్తాడేమోనని ఆ అమ్మాయి రెండడుగులు ముందుకేసింది.

చెక్కకీ బొమ్మకీ మధ్య, కట్టిన రోజు పేపరు పరచడం ఆయన అలవాటు. ఎప్పుడు కట్టారో తర్వాత విప్పేవాడికి తెలియాలని.

"నేను కట్టింది పోయిన నెల. తారీఖు చదువు."

"మొన్న గురువారం," అంది ఆ అమ్మాయి, నమ్మలేక మళ్ళీ చూసుకుంటూ.

"అదీ సంగతి. నా తర్వాత ఎవరో విప్పారు. నా పేపరు చిరిగుంటుంది. చేతికందింది పరిచారు."

పేపరు మూలన గళ్ళనుడికట్టు సగం నింపి ఉంది. ఆకుపచ్చ సిరా. ఇంట్లో ఆ సిరా పెన్ను ఒక్కరిదే. పొద్దున్నే పేపరు ఇంకెవరినీ ముట్టనివ్వనిదీ ఆ ఒక్కరే.

"తాతా, ఇది మా బా..."

"వద్దు. నాకు చెప్పకు. నా నోటివెంట వచ్చిందంటే నేనే పుట్టించానంటారు." పేపరు ఆమె చేతిలో పెట్టాడు. "తిన్నగా మీ నానమ్మకే ఇవ్వు, దారిలో ఎవరడిగినా చూపించకు. తర్వాత ఆమెని ఒక్కసారి ఇటు పంపించమ్మా. నన్ను దొంగన్నది వీధంతా విన్నారు. కాదన్న మాట కూడా నడివీధిలోనే అనమను."