ఒక చెయ్యి వెయ్యప్పా

రామకృష్ణప్పకు ఉన్న జబ్బు ఒక్కటే. ఏ వస్తువు ఎక్కడున్నా, అది ఇంకొంచెం పక్కకు ఉంటే బాగుండునని ఆయనకు తోస్తుంది. తోచింది మనసులో పెట్టుకునే మనిషి కాదు. "జరపాల" అంటాడు. అన్నాక ఆ వస్తువు జరిగి తీరవలసిందే.

ఈ జబ్బు తమ పెళ్లిలోనే బయటపడిందని ఆయన భార్య వెంకటమ్మ చెబుతుంది. పీటల మీద కూర్చున్నవాడు హోమగుండం వైపు చూసి, "అయ్యోరా, దీన్ని కొంచెం ఆ తట్టు జరపాల" అన్నాడట. పురోహితుడు మంత్రం ఆపి, "పెళ్లి జరపమంటావా, గుండం జరపమంటావా? ఏదో ఒకటి చెప్పప్పా" అన్నాడట. చివరికి రెండూ జరిగాయి. తమిళనాడు సరిహద్దులోని జూజువాడి చెక్‌పోస్టు కూడా ఇంకొంచెం కర్ణాటక తట్టు ఉంటే లారీలకు సుఖమని ఆయన అభిప్రాయం. రెండు రాష్ట్రాల వ్యవహారం గనుక అది ఒక్కటి ఆగింది.

అలాంటి మనిషిని కొడుకు గోపీనాథ్ ఒక హాలుకు కాపలా పెట్టాడు.

హొసూరు శివార్లలో, ఒకప్పుడు గులాబీలు పెట్టెలకెత్తిన షెడ్డు అది. 2007లో గోపీనాథ్ దాన్ని టేబుళ్లవారీగా అద్దెకిచ్చే ఆఫీసుగా మార్చాడు. సొంతంగా ఆఫీసు పెట్టుకోలేనివాళ్లు తలా ఒక టేబులు తీసుకొని ఎవరి పని వాళ్లు చేసుకోవచ్చు. లోపల ఏది ఎక్కడుండాలో తేల్చే పని బెంగళూరు కంపెనీకి ఇచ్చాడు. ఆ కంపెనీ నాగవేణిని పంపింది.

నాగవేణిది గుంటూరు. ఇదే ఆమె మొదటి పని. "హాలు నాకు నచ్చితే ఉద్యోగం ఖాయం. లేదంటే మీ ఊరి బస్సెక్కడమే" అని చెప్పి మరీ పంపాడు ఆమె పై అధికారి జనార్ధనరావు. గీతలు ముత్యాల్లా గీస్తుంది గానీ, కొత్త మనిషిని చూస్తే ఆమెకు నోరు పెగలదు. కొట్లో సబ్బు కావాలన్నా వేలితో చూపించి తెచ్చుకునే రకం.

టేబుళ్లన్నీ ప్లాను ప్రకారం వేయించి ఆమె అలా నిలబడిందో లేదో, రామకృష్ణప్ప వచ్చాడు.

"ఏమ్మా పాపా, ఈ బీరువా ఈడెందుకుండాది?"

"ప్లానులో అక్కడే ఉందండీ."

"ప్లానులో ఉండనీలే, దాన్నెవురూ ముట్టుకోరు. దీన్ని జరపాల. రా, ఒక చెయ్యి వెయ్యి. మునియప్పా! నువ్వు ఆ తట్టు పట్టు."

మునియప్ప అప్పటికే అక్కడ ఒక టేబులు తీసుకున్న, లారీలు బుక్ చేసే ఏజెంటు. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకొని, సేలం డ్రైవరును తిడుతూనే లేచి వచ్చాడు. "యాడికప్పా జరిపేది?"

"ముందు ఎత్తు. యాడికో తర్వాత చెప్తాను."

ఎత్తారు. గోడవారగా తిరిగారు. ఎక్కడో దించారు. మధ్యాహ్నానికి అదే బీరువా మళ్లీ లేచింది. ఈసారి నాగవేణికి ఎదురుగా పట్టుకున్నది మునియప్ప పక్క టేబులులో బీమా పాలసీలు అమ్మే మంజులమ్మ.

"పొద్దున ఉండిన చోటికే గదప్పా తెచ్చింది?" అంది మంజులమ్మ ఆయాసపడుతూ.

"పొద్దున అది వంకరగా ఉండె. ఇప్పుడు చూడు!"

నాగవేణికి రెండూ ఒకేలా కనిపించాయి. చెప్పే ధైర్యం లేక చీర కొంగుతో చెమట తుడుచుకుంటున్న మంజులమ్మ వైపు చూసింది.

"యాడుంటావమ్మా నువ్వు?" అని అడిగింది మంజులమ్మ.

"లాడ్జిలోనండీ."

"లాడ్జిలోనా! ఒంటి ఆడపిల్లవి! మా మిద్దె మీద రూము ఊరికే ఉండాది, సాయంత్రం పెట్టె తెచ్చుకో."

అలా ఆమెకు గది దొరికింది గానీ హాలుకు కుదురు దొరకలేదు. ఉత్తరం చూసే టేబుళ్లు తూర్పు చూశాయి, తూర్పువి ఒకదాన్నొకటి చూసుకున్నాయి. నీళ్ల డ్రమ్ము హాలంతా ప్రదక్షిణ చేసింది. ఒకరోజు మునియప్ప భోంచేసి వచ్చి, తన కుర్చీ అనుకొని గాలిలో కూర్చున్నాడు.

నాగవేణి ఆలోచించి ఉపాయం కనిపెట్టింది. చక్రాలు! టేబుళ్లకు, బీరువాకు, అన్నిటికీ అడుగున చక్రాలు. ప్లాను పైన "ఎలా కావాలంటే అలా మారే ఆఫీసు" అని రాసి జనార్ధనరావుకు పంపింది. ఆయన మొదటిసారి "భేష్" అన్నాడు. చక్రాలు బిగించిన రోజు ఆమె రామకృష్ణప్పను స్వయంగా పిలిచి చూపించింది.

"వేలితో తోస్తే చాలండీ. ఇక మీరొక్కరే జరుపుకోవచ్చు."

"ఒక్కన్నేనా?" అన్నాడాయన. పండగపూట చేదు తిన్నవాడిలా ఉంది ముఖం.

మర్నాటికి చక్రాలు లేవు. తెల్లారకముందే వచ్చి ఊడదీసి దాచేశాడు. ఆమె అడిగి తెప్పించి మళ్లీ బిగించింది. మళ్లీ ఊడదీశాడు. పొద్దస్తమానం సామాను జరిపే మనిషికి చక్రాలతో ఏం పగో ఎవరికీ అంతుపట్టలేదు.

జనార్ధనరావు చూడటానికి వచ్చే శుక్రవారం పొద్దున కూడా టేబుళ్లన్నీ ఉత్త కాళ్లతో నిలబడి ఉన్నాయి. నాగవేణి జన్మలో మొదటిసారి ఒక మనిషి మీద కేకలేసింది.

"చక్రాలెక్కడండీ? ఆయన చూడటానికి వచ్చేదే వాటిని! నా ఉద్యోగం పోతుంది!"

రామకృష్ణప్ప బిత్తరపోయాడు. "ఉద్యోగం పోతాదా? అయ్యో, నాకెవురూ చెప్పలేదే!"

"అసలెందుకు తీశారు?"

ఆయన భుజం మీది టవలును ఆ భుజం నుంచి ఈ భుజానికి జరిపాడు.

"చక్రాలుంటే ఎవురినీ పిలవాల్సిన పని లేదు గదమ్మా. ఆ మునియప్ప ఫోన్లో లోకమంతా మాట్లాడతాడు, పక్క టేబులామె పేరు తెలీకుండె. నువ్వు వచ్చిన కొత్తలో గోడతో తప్ప మాట్లాడింది లేదు. మాట్లాడుకోండప్పా అంటే ఎవురు మాట్లాడతారు? బీరువా ఎత్తమంటే మాత్రం ఎత్తుతారు."

నాగవేణికి మిద్దె మీది గది గుర్తొచ్చింది. టేబులుకు అటుకొస పట్టుకున్న మునియప్ప మాటల్లో ఆమె ఊరు తెలుసుకొని, లారీలో గుంటూరు నుంచి తెప్పించి ఇచ్చిన పచ్చడి జాడీ గుర్తొచ్చింది. ఈ ఊళ్లో ఆమెకు తెలిసినవాళ్లంతా ఏదో ఒక బరువుకు అవతలి కొసన పరిచయమైనవాళ్లే.

బయట కారు ఆగింది. చక్రాలు బిగించే వ్యవధి లేదు.

టై సర్దుకుంటూ వచ్చిన జనార్ధనరావు ఒక టేబులును వేలితో తోశాడు. అది కదల్లేదు. రెండు చేతులతో తోశాడు.

"ఏమ్మా, ఎలా కావాలంటే అలా మారుతుందని రాశావుగా? ఇదేం మారుతుంది?"

"అయ్యా, తప్పు నాది..." అని రామకృష్ణప్ప ముందుకొచ్చాడు. అంతలో నాగవేణికి తన గొంతే వినిపించింది.

"మారుతుంది సార్. ఒక చెయ్యి వెయ్యండి."

ఆ మాట చెవిన పడగానే అలవాటుకొద్దీ హాలంతా లేచింది. జనార్ధనరావుకు ఏం జరుగుతోందో తెలిసేలోపే ఆయన చేతుల్లో ఒక టేబులు కొస ఉంది. రెండో కొస మునియప్పది.

"నీది యావూరప్పా?"

"ఏలూరు. ఎక్కడ పెట్టాలి దీన్ని?"

"అదెవురికీ తెలీదులే, నడువు. ఏలూరికి మా లారీ పోతాది. ఇంటికేమన్నా పంపాలంటే చెప్పప్పా."

టేబుళ్లు గుండ్రంగా చేరేసరికి జనార్ధనరావు టై వెనక్కి తిరిగింది. తన మోకాళ్ల నొప్పుల సంగతి మంజులమ్మకు పూర్తిగా చెప్పేశాడు, ఒక పాలసీకి కూడా ఒప్పుకున్నాడు. రొప్పుతూ హాలంతా కలియజూశాడు.

"మారిందమ్మాయ్. సోమవారం ఆఫీసుకొచ్చి ఉద్యోగం ఆర్డరు తీసుకో."

నాగవేణి కుర్చీలో కూలబడింది. అదృష్టవశాత్తు కుర్చీ అక్కడే ఉంది. గుమ్మం దాటబోతూ జనార్ధనరావు ఆగాడు. "ఆ బీరువా ఇంకొంచెం కుడికి ఉంటే..."

రామకృష్ణప్ప ముఖం వెలిగిపోయింది.

ఆదివారం రామకృష్ణప్ప ఇంటికి భోజనానికి వెళ్లినప్పుడు నాగవేణికి చక్రాల ఆచూకీ తెలిసింది. బియ్యం డబ్బా కింద, గ్యాసు సిలిండరు కింద, మిక్సీ బల్ల కింద, అన్నిటికిందా అవే. వెంకటమ్మ కాలి బొటనవేలితో సిలిండరును తోసుకుంటూ తిరుగుతోంది.

"ఇక్కడ మాత్రం చక్రాలెందుకండీ?"

"నేను దినమంతా ఆడే ఉంటాను గదమ్మా" అన్నాడు రామకృష్ణప్ప చిన్నగా. "ఈడ పిలిస్తే ఈమెకు ఎవురొస్తారు?"

"ఈయప్పను పిలిస్తే మాత్రం ఏమమ్మా?" అంది వెంకటమ్మ. "యాడ పెట్టాలో తేలేలోపల అన్నం మాడిపోతాది."

నాగవేణి నవ్వుతూ వడ్డించిన కంచం ముందు కూర్చుంది. మొదటి ముద్ద కలిపిందో లేదో, రామకృష్ణప్ప కంచం వైపు తల వంచి చూశాడు.

"పాపా, దాన్ని కొంచెం జరపాల."

"ఎక్కడికండీ?"

"ముందు ఎత్తు. యాడికో తర్వాత చెప్తాను."