పునాది పక్కన తవ్విన గుంత

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు చేపలను బుట్టకెత్తుకుని బుగ్గమ్మ ఏళ్ల తరబడి శేరిగూడ వీధుల్లో అమ్మింది. ఆమె భర్త లింగం అక్కడే ఒక కాలేజీలో వాచ్‌మన్. ఇద్దరి కష్టంతో రెండు గదులు, ఒక వంటిల్లు లేచాయి. స్లాబు వేసిన రోజు బుగ్గమ్మ చీకటి పడేదాకా మెట్ల మీదే కూర్చుండిపోయిందని లింగం చెబుతుంటాడు.

పక్క జాగా అమరేందర్‌ది. ప్లాట్ల వ్యాపారంలో కలిసొచ్చి, అతను పాత పెంకుటిల్లు పడగొట్టి విద్యార్థుల హాస్టల్ కట్టడానికి దిగాడు. కింద బండ్లు పెట్టుకోవడానికి సెల్లార్ కావాలనుకున్నాడు. జేసీబీ హద్దు దాకా వచ్చింది. తన వెనకగది పునాది రాళ్లు బయటపడటం చూసి బుగ్గమ్మ గుంత గట్టున నిలబడింది.

"తమ్మీ, జర జాగా ఇడిసి తవ్వాలె గదా. మా గోడ కింద మన్ను జారుతుంది."

"ఏం గాదక్కా. మా పిల్లర్లు లేస్తే నీ గోడకే బలం," అన్నాడు అమరేందర్.

కొద్దిరోజులకే గోడ నెర్రె ఇచ్చింది. మొదట వెంట్రుకంత, తర్వాత వేలు పట్టేంత. వెనకగది తలుపు చౌకట్టులో బిగుసుకుపోయింది. అమరేందర్ మేస్త్రీని పంపి సిమెంట్ పూయించాడు. పూసిన చోటే మళ్లీ పగిలింది.

బుగ్గమ్మ మున్సిపాలిటీకి పోయి ఫిర్యాదు చేసింది. అధికారి వచ్చి చూశాడు. హద్దు దగ్గర వదలాల్సిన జాగా వదల్లేదు, మన్ను జారకుండా అడ్డుగోడ కట్టలేదు. పని ఆపమని నోటీసు అంటించి వెళ్లాడు. జేసీబీ కొన్నాళ్లు ఆగి మళ్లీ మొదలైంది. అప్పుడామె నవత అనే వకీలును వెతుక్కుంటూ కోర్టుకు వెళ్లింది.

"తన జాగలనే తవ్వుకున్నా సరే, నీ ఇంటికి ఆసరా ఉన్న మన్ను తీసేసే హక్కు ఆయనకు లేదమ్మా," అంది నవత. "పని ఆపియ్యమని అడుగుదం. కోర్టు తరఫున మనిషిని పంపి గోడ చూడమందం. అప్పటిదాక ఎనక గదిల పండుకోకుండ్రి."

పిటిషన్ వేశారు. వాయిదా రాకముందే ముసురు పట్టింది.

ఆ పొద్దు గుంతలో నీళ్లు తోడుతున్న కూలీల్లో ఎల్లేష్ ఒకడు. నారాయణపేట వైపు నుంచి భార్య యశోదతో వచ్చి, సైటు పక్కన రేకుల షెడ్డులో ఉంటున్నాడు. అతను సరిగ్గా గోడ కిందకు రావడం చూసి బుగ్గమ్మ కేకేసింది.

"ఓ పిలగా, గోడ కింద ఉండకు. ఇవతలికి రా."

"మోటరు ఇరికిందమ్మా. తీసి వస్త."

ఆమె వంటింటి వైపు తిరిగిందో లేదో, వెనకగది బీరువాతో సహా గుంతలోకి కూలిపోయింది. మన్ను తీసేసరికి ఎల్లేష్ ఒంట్లో ప్రాణం లేదు.

గోడ పాతది, వానకు దానంతటదే పడిందని అమరేందర్ పోలీసులకు చెప్పాడు. ఆ మాట విన్నప్పటినుంచి బుగ్గమ్మ అన్నం ముందు కూర్చుని, తినకుండానే లేచిపోయేది. ఎవరు తవ్వినా, మనిషి మీద పడింది తన గోడే.

ఎల్లేష్ దినాలైనా కాకముందే అమరేందర్ ఆమె ఇంటికి వచ్చాడు.

"అక్కా, నీ ఇల్లు కొత్తగ కట్టిస్త. పైన ఇంకో అంతస్తు గూడ లేపిస్త. గోడ ముందునుంచే నాసిగ ఉండెనని ఒక్క మాట చెప్పు. కేసు వాపసు తీస్కో."

అతను పోయాక లింగం మెల్లగా అన్నాడు. "ఒప్పుకోరాదే. సచ్చినోడు మళ్ల వస్తడా? కోర్టుల సుట్టు తిరిగే సత్తువ మనకు ఉన్నదా?"

"ఇల్లు నాకు గూడ కావాలె. గని గోడ నాసిదని నేనంటే, ఆ పిల్ల మొగడు వానకు సచ్చిండని రాస్తరు. ఇగ ఆమె ఎవర్ని అడగాలె?"

లింగం లేచి డ్యూటీకి వెళ్లిపోయాడు. ఆ తర్వాత చాలాకాలం ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు.

అమరేందర్ యశోదను ఊరికి పంపించేస్తున్నాడని తెలిసి బుగ్గమ్మ షెడ్డుకు వెళ్లింది. మూట కట్టుకుంటున్న యశోద పక్కన కూర్చుంది.

"ఆ గోడ నీదేనా?" అని అడిగింది యశోద.

"అవ్ బిడ్డా. నాదే."

యశోద మూట ముడి వదిలేసింది. "ఆయన చెప్తుండె. గోడ పడుతదని పక్కింటి అవ్వ రోజు ఒర్రుతది, మేస్త్రీ ఇనడని."

మర్నాడు బుగ్గమ్మ ఆమెను నవత దగ్గరికి తీసుకుపోయింది.

కోర్టు పంపిన మనిషి వచ్చి, కింద మన్ను తీసేయడం వల్లే గోడ కూలిందని రాశాడు. పని ఆపమని ఆర్డర్ వచ్చింది. ఎల్లేష్ చావుకు అమరేందర్ మీద పోలీసు కేసయింది. అతను బెయిలు మీద బయటే తిరుగుతున్నాడు. ఇద్దరు ఆడవాళ్ల నష్టపరిహారం దావాలూ తేలలేదు. వంటింటి గోడ కూడా నెర్రె ఇవ్వడంతో బుగ్గమ్మ, లింగం ముందుగదిలోనే వండుకుని అక్కడే పడుకుంటున్నారు. వెనకవైపు రేకులు కట్టారు. యశోద వాయిదాలకు బస్సులో వచ్చి వాళ్లతోపాటు ముందుగదిలోనే దిగుతుంది. ఆమెకు చాప పరిచేది లింగమే. పోయినసారి జడ్జి సెలవులో ఉన్నాడు. వచ్చే వాయిదా దసరా తర్వాత.